తీగ చివరి ఇంటికి కూడా నిండు బిల్లేనా?



ఈసారి పోస్టు మద్దతు ధర గురించి కాదు, ఎరువుల గురించి కాదు. ఇంట్లో పెట్టించుకున్న ఇంటర్నెట్ గురించి. కొంచెం పొడుగ్గానే ఉంటుంది. తీరిక చూసుకుని చదవండి కానీ చివరిదాకా చదవండి. నెలనెలా మన జేబులోంచి పోయే డబ్బు సంగతి ఇది.

ముందు ఒక్క ప్రశ్న. సాగర్ కుడి కాలువ కింద తలకట్టు దగ్గర పొలం ఉన్నవాళ్లకీ, ప్రకాశం జిల్లాలో చివరి ఆయకట్టు వాళ్లకీ నీళ్లు ఒకేలా అందుతున్నాయా? అందడం లేదని చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. అందుకే చివరి భూముల వాళ్లు రోడ్డెక్కుతారు, కలెక్టరాఫీసు ముందు కూర్చుంటారు. "మేమూ తీరువా కడుతున్నాం, మా నీళ్లేవి?" అని అడుగుతారు. ఆ అడగడం న్యాయమే అని మనమందరం ఒప్పుకుంటాం.

మరి ఇంటర్నెట్ తీగ చివర ఉన్న ఇంటివాడు ఎందుకు అడగడు?

ఎక్స్ఛేంజి పక్క వీధిలో ఉన్నవాడికీ, నాలుగైదు కిలోమీటర్ల అవతల శివారు పల్లెలో ఉన్నవాడికీ ప్లాన్ ఒకటే, బిల్లు ఒకటే. వాడికి సినిమా ఆగకుండా ఆడుతుంది. వీడికి అడంగల్ పేజీ తెరుచుకునేలోపు కరెంటు పోతుంది. ఇద్దరి బిల్లు మీదా ఒకటే అంకె. ఇదెక్కడి లెక్క?

అడిగితే ఏమంటారు? "మీ ఊరు దూరం అండీ" అంటారు. దూరమని మనకు తెలియదా? కనెక్షన్ ఇచ్చేటప్పుడు మన ఊరు దగ్గరగా ఉండి, బిల్లు కట్టాక దూరం జరిగిందా?

అసలు ఈ దూరం సంగతేంటో ముందు అర్థం చేసుకుందాం. తెలియనివాడినే ఎవడైనా తిప్పి పంపుతాడు.

పాత టెలిఫోన్ తీగ అంటే రెండు సన్నని రాగి తీగల జత. మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ. అది వేసింది మాటల కోసం. మన గొంతుకు 4 కిలోహెర్ట్జ్ లోపు చాలు. ఆ తీగ మీదే ఇంటర్నెట్ పంపడానికి ఏడీఎస్ఎల్ అనే పద్ధతి కనిపెట్టారు. మాటకు వాడని పై శ్రుతుల్లో సమాచారం పంపుతుంది. మామూలు ఏడీఎస్ఎల్ 1.1 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. తర్వాత 2003లో ప్రమాణంగా వచ్చిన ఏడీఎస్ఎల్ 2 ప్లస్ 2.2 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది.

ఇక్కడే ఉంది కిటుకు. ఊరేగింపు ఊరు దాటి దూరంగా పోతుంటే డోలు చప్పుడు చాలాసేపు వినిపిస్తుంది, సన్నాయి మాత్రం ముందే వినిపించకుండా పోతుంది. రాగి తీగ మీద కూడా అంతే. సన్న శ్రుతి ఎంత పైకి పోతే అంత తొందరగా అరిగిపోతుంది. మాట డోలు లాంటిది, ఇంటర్నెట్ సన్నాయి లాంటిది. అందుకే 5 కిలోమీటర్ల దూరంలో కూడా ఫోన్ మాట శుభ్రంగా వినిపిస్తుంది, ఇంటర్నెట్ మాత్రం పాకుతుంది. లైన్‌మాన్ వచ్చి రిసీవర్ చెవికి పెట్టుకుని "డయల్ టోన్ వస్తోంది కదా, లైన్ బాగానే ఉంది" అని వెళ్లిపోతాడే, ఆ మాట ఎందుకు పనికిరాదో ఇప్పుడు తెలిసింది కదా. డోలు వినిపిస్తే సన్నాయి కూడా వినిపిస్తున్నట్టు కాదు.

అరుగుదలను డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఇలాంటి తీగ మీద కిలోమీటరుకు సుమారు 13, 14 డెసిబెల్స్ పోతుందని లైన్ పని చేసేవాళ్ల ఉజ్జాయింపు లెక్క. వినడానికి చిన్న అంకెలా ఉంటుంది. కానీ 10 డెసిబెల్స్ పోయిందంటే శక్తిలో పదో వంతే మిగిలిందని అర్థం. 20 పోతే వందో వంతు. అంటే ఒక్క కిలోమీటరు దాటేసరికే ఇరవయ్యో వంతు దగ్గరికి వచ్చేస్తుంది. 5 కిలోమీటర్లు పోయేసరికి లక్షల్లో ఒక వంతు కూడా మిగలదు.

దాని ఫలితం? తీగ మంచి స్థితిలో ఉంటే, ఏడీఎస్ఎల్ 2 ప్లస్ లైన్‌లో కిలోమీటరు లోపు ఉన్న ఇంటికి 20 ఎంబీపీఎస్ చుట్టుపక్కల వస్తుంది. 3 కిలోమీటర్ల దగ్గర 8 ప్రాంతం. 5 కిలోమీటర్ల దగ్గర ఒకటో రెండో. అమ్మేది మాత్రం "24 ఎంబీపీఎస్ వరకు". తర్వాత వచ్చిన వీడీఎస్ఎల్ ఇంకా వేగమైనదే, కానీ దాని బలమంతా మొదటి కొన్ని వందల మీటర్లలోనే. కిలోమీటరున్నర దాటితే పాతదానికీ దానికీ పెద్ద తేడా ఉండదు.

పైగా దూరమంటే కాకి ఎగిరే దూరం కాదు. తీగ నడిచే దూరం. ఎక్స్ఛేంజి నుంచి రోడ్డు వెంట పిల్లర్ దాకా, పిల్లర్ నుంచి డీపీ పెట్టె దాకా, అక్కడి నుంచి స్తంభాల మీదుగా మన ఇంటి చూరు దాకా. కంటికి రెండు కిలోమీటర్లు కనిపించే ఇల్లు తీగ లెక్కలో నాలుగు కిలోమీటర్లు ఉండొచ్చు. మధ్యలో అతుకులు, అతుకుల్లో తుప్పు, వానాకాలం గొయ్యిలో నీళ్లు. ఒకే కేబుల్‌లో పక్కపక్కన పోయే జతలు ఒకదాని శబ్దం ఒకదాంట్లో కలిపేసుకోవడం వేరే.

మన మోటార్ల సంగతి గుర్తు తెచ్చుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి మోటారు ఝామ్మని తిరుగుతుంది. చివరి మోటారు లో వోల్టేజీతో మూలిగి మూలిగి వైండింగ్ కాలిపోతుంది. దీనికి విరుగుడు ఏం చేశారు? హెచ్‌వీడీఎస్ అని పెట్టి 11 కేవీ లైన్‌ను పొలాల దాకా లాగి, 15, 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు మోటార్ల పక్కనే పెట్టారు. లో టెన్షన్ తీగ పొడవు తగ్గించారు. ఇంటర్నెట్‌కూ విరుగుడు అదే. ఫైబర్‌ను ఊరి నడిమికి తెచ్చి, రాగి తీగ పొడవు తగ్గించడం. ఇంకా మంచిదేమిటంటే రాగిని తీసేసి ఫైబర్‌నే ఇంటిదాకా వేయడం. కాబట్టి "దూరం, మేమేం చెయ్యలేం" అనే మాట అబద్ధం. చెయ్యొచ్చు. ఖర్చు పెట్టాలి. పెట్టడానికి మనసొప్పడం లేదని చెబితే అది నిజం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

నా గొడవ దూరంతో కాదు. రాగి తీగ గుణం రాగి తీగది, దాన్ని తిట్టి లాభం లేదు. నా గొడవంతా ఒక్క మాటతో. "వరకు" అనే మాటతో.

"24 ఎంబీపీఎస్ వరకు." ఆ ఒక్క మాట చాటున ఎంతైనా దాక్కోవచ్చు. సున్నా కూడా 24 లోపే. విత్తనాల షాపువాడు "ఎకరానికి 40 బస్తాల వరకు" అని చెప్పి తాలు గింజలు అంటగడితే ఊరుకుంటామా? వ్యవసాయాధికారి దగ్గరికి పోతాం, ప్యాకెట్ మీద మొలక శాతం ఎంత అని చూస్తాం. కనీస మొలక శాతం ప్యాకెట్ మీద రాయాలని విత్తన చట్టం ఉంది. ఎక్కువలో ఎక్కువ ఎంత మొలుస్తుందో కాదు, తక్కువలో తక్కువ ఎంత మొలవాలో రాయాలి. ఇంటర్నెట్ అమ్మేవాడు మాత్రం గరిష్ఠం రాసి కనీసం దాస్తాడు. విత్తనానికో న్యాయం, తీగకో న్యాయమా?

వాళ్లకు తెలియక చేస్తున్నారా? కానే కాదు. కనెక్షన్ ఇచ్చే ముందే మన తీగ పొడవెంతో అంచనా వేసే కొలతలున్నాయి. మోడెం పెట్టిన నిమిషంలో ఆ లైన్ ఎంత వేగం మోయగలదో తెర మీద కనిపిస్తుంది. మీ మోడెం పేజీ తెరిచి చూడండి, లైన్ అటెన్యుయేషన్ అని ఒక అంకె ఉంటుంది. అది 20 లోపు ఉంటే మీరు తల దగ్గరి రైతు. 60 దాటితే కాలువ చివరి రైతు. ఆ అంకె వాళ్లకూ కనిపిస్తుంది. చూసి కూడా నిండు ప్లాన్ అంటగడుతున్నారంటే అది తెలియకపోవడం కాదు, తెలిసి చెప్పకపోవడం.

"ఇది ప్రపంచమంతా ఇంతే" అంటారు కొందరు. కాదు. రెండు దేశాల సంగతి చెబుతా వినండి.

బ్రిటన్‌లో కూడా మొదట ఇదే తంతు. పదిమందిలో ఒక్కడికి వచ్చే వేగాన్ని "వరకు" అని ప్రకటనలో వేసుకోవచ్చు. మిగతా తొమ్మిదిమంది సంగతి దేవుడెరుగు. జనం గొడవ చేస్తే 2018 మే నెలలో ప్రకటనల నిబంధన మారింది. రాత్రి 8 నుంచి 10 గంటల మధ్య, అంటే అందరూ వాడే రద్దీ వేళలో, కనీసం సగంమంది వాడుకదారులకు అందే వేగాన్నే ప్రకటనలో చెప్పాలి. 2019 మార్చి నుంచి అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమావళి ఇంకా గట్టిదైంది. అందులో చేరిన కంపెనీలు కనెక్షన్ అమ్మే ముందే ఆ ఇంటికి రాగల కనీస వేగం చెప్పాలి. అంతకంటే తగ్గితే, ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో సరిచేయాలి. చేయలేకపోతే ఒప్పందం మధ్యలో ఉన్నా జరిమానా లేకుండా వదిలి వెళ్లిపోనివ్వాలి. గమనించారా? ఊరి మొత్తానికి కాదు, ఆ ఇంటికి. ఆ తీగకు.

ఆస్ట్రేలియాలో ప్రభుత్వమే పెద్ద నెట్‌వర్క్ కట్టింది. చాలా ఊళ్లలో ఫైబర్‌ను వీధి పెట్టె దాకా తెచ్చి, అక్కడి నుంచి పాత రాగి తీగే వాడారు. పెట్టెకు దూరంగా ఉన్న ఇళ్లకు కొన్న వేగం రాలేదు. అక్కడి వినియోగదారుల కమిషన్ పట్టుకుంది. 2017 నవంబరులో టెల్‌స్ట్రా అనే పెద్ద కంపెనీ దాదాపు 42,000 మందికి పరిష్కారం చూపడానికి ఒప్పుకుంది. డబ్బు వాపసు, తక్కువ ప్లాన్‌కు మారే వీలు, ఒప్పందం నుంచి ఊరికే బయటపడే వీలు. తర్వాత ఇంకో రెండు పెద్ద కంపెనీలూ అదే దారికి వచ్చాయి. వాళ్ల రాగి వేరు, మన రాగి వేరా? తీగ గుణం అక్కడా ఇక్కడా ఒకటే. తేడా అడిగే నోటిలోనే ఉంది.

మరి మన దేశంలో ఏం జరిగింది?

బీఎస్ఎన్ఎల్ 2005 జనవరిలో ఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. అప్పటి 2004 విధానం ప్రకారం 256 కేబీపీఎస్ ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చు. 2013లో దాన్ని 512 చేశారు. ఆ తర్వాత 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ చేశారు. అంటే పట్నాలు ఫైబర్‌కు మారిపోతున్న పదేళ్లూ కాగితం మీద 512 కేబీపీఎస్ ఇచ్చినవాడు కూడా బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చినట్టే లెక్క. కొలబద్దే పొట్టిగా పెట్టుకుంటే అందరూ పొడుగ్గానే కనిపిస్తారు.

2006లో ట్రాయ్ నాణ్యత నిబంధనలు తెచ్చింది. అమ్మిన వేగంలో 80 శాతానికి పైన అందాలని అందులో ఉంది. 2024 అక్టోబరు నుంచి వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. నిబంధన మంచిదే. కానీ "వరకు" అని అమ్మినదానికి 80 శాతం ఎక్కడి నుంచి లెక్కపెడతాం? కొలిచే గిన్నెకే అడుగు లేదు.

ఇక తృప్తి సర్వేల సంగతి. "మా వినియోగదారుల్లో ఇంతమంది సంతృప్తిగా ఉన్నారు" అని పెద్ద పెద్ద అంకెలు వేస్తారు. ఆ అంకె ఎలా పుడుతుందో ఆలోచించండి. ఎక్స్ఛేంజి చుట్టూ వంద ఇళ్లున్నాయి, శివారులో పది ఇళ్లున్నాయి అనుకుందాం. ఆ వందా బాగుందంటే, ఈ పదీ ఏడ్చినా తొంభై శాతం తృప్తి. కాగితం మీద పండగే. ఏడ్చే పదిలో ఆరుగురు విసిగిపోయి కనెక్షన్ పీకించేశారనుకోండి. వచ్చే ఏడు వాళ్లను ఎవరూ అడగరు, వాళ్లిప్పుడు వినియోగదారులు కారు కదా. అప్పుడు తృప్తి శాతం ఇంకా పెరుగుతుంది! లైన్ ఒక్క మీటరు తగ్గలేదు, వేగం ఒక్క గీత పెరగలేదు. చివరి భూముల రైతులు వలసపోతే, ఊళ్లో మిగిలినవాళ్లందరికీ నీళ్లు అందుతున్నాయని రాసుకున్నట్టు ఉంటుంది ఆ లెక్క.

కాబట్టి సగటు తృప్తి మనకొద్దు. దూరాన్ని బట్టి తృప్తి ఎంతో చెప్పమనండి. కిలోమీటరు లోపు ఎంత, మూడు కిలోమీటర్ల దగ్గర ఎంత, ఐదు దాటాక ఎంత. ఆ మూడంకెలూ పక్కపక్కన పెడితే దాచడానికి ఏమీ మిగలదు.

ఇంకో మాట. "పల్లెటూరోళ్లకు అంత స్పీడు ఎందుకండీ" అనే పెద్దమనుషులున్నారు. వాళ్లకు నా జవాబు ఇది. ఈ-క్రాప్ ఆన్‌లైన్. పీఎం కిసాన్ ఈకేవైసీ ఆన్‌లైన్. పాస్‌బుక్కు, వన్ బీ, అడంగల్ ఆన్‌లైన్. పిల్లల పరీక్ష ఫీజు, హాల్ టికెట్టు, కౌన్సెలింగ్ ఆన్‌లైన్. 2020లో బడులు మూసినప్పుడు చదువే ఆన్‌లైన్. అన్నీ ఆన్‌లైన్ చేసింది మీరు. లైన్ మాత్రం ఇవ్వరా?

మనకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది, అది చాలామంది గమనించరు. ఏడీఎస్ఎల్‌లో మొదటి అక్షరానికి అర్థమే "సమానం కానిది" అని. కిందికి వచ్చే వేగం ఎక్కువ, పైకి పంపే వేగం తక్కువ. సినిమా చూసేవాడికి అది చాలు. కానీ రైతు పంపాలి. మిరప ఆకు ముడత ఫొటో శాస్త్రవేత్తకు పంపాలి, దెబ్బతిన్న చేను ఫొటో బీమావాళ్లకు పంపాలి. 4 మెగాబైట్ల ఫొటో అంటే 32 మెగాబిట్లు. పైకి 256 కేబీపీఎస్ మాత్రమే పోయే లైన్‌లో ఒక్క ఫొటోకు రెండు నిమిషాల పైనే పడుతుంది. అదీ మధ్యలో తెగకుండా ఉంటే. పది ఫొటోలు అడుగుతారు. తెగితే మళ్లీ మొదటి నుంచి. గడువు ఆ సాయంత్రంతో అయిపోతుంది. ఇక్కడ వేగమంటే వినోదం కాదు, బీమా సొమ్ము.

"ఫైబర్ వచ్చేసిందిగా, ఇంకా ఈ రాగి పురాణం ఎందుకు?" అని అడుగుతారు. మంచి ప్రశ్న.

ఫైబర్‌లో దూరం బాధ దాదాపు లేదు. రాగికి కిలోమీటరుకు 13, 14 డెసిబెల్స్ పోతే, గాజు తీగకు అరకు లోపే, సుమారు 0.2 నుంచి 0.4. ఇళ్లకు వేసే పద్ధతిలో 20 కిలోమీటర్ల దాకా పంపొచ్చు. కాబట్టి ఫైబర్ అమ్మేవాడు "మీ ఊరు దూరం" అంటే నమ్మకండి, ఆ సాకు చెల్లదు. కానీ అక్కడ ఇంకో కిటుకు ఉంది. ఒక ఫైబర్‌ను 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీల్చి పంచుతారు. అది అచ్చంగా మన కాలువే. పై నుంచి వచ్చే నీళ్లు తక్కువైతే, సాయంత్రం అందరూ తూము ఎత్తితే, ఎవరికీ మడి తడవదు. గాలిలో సిగ్నల్ పంపి ఇంట్లో పెట్టె పెట్టేవాళ్ల దగ్గరైతే దూరం మళ్లీ వచ్చి కూర్చుంటుంది, ఈసారి తీగ దూరం కాదు, టవర్ దూరం. తీగ మారింది కానీ "వరకు" మారలేదు. అందుకే రాగి నేర్పిన పాఠం మరిచిపోవద్దంటున్నా.

ఇంకా మన శివారు పల్లెలన్నిటికీ ఫైబర్ ఇంటిదాకా వచ్చిందా? భారత్‌నెట్‌గా మారిన పథకానికి 2011 అక్టోబరులో ఆమోదం వచ్చింది. లక్ష్యం రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలు. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీద ఫైబర్ లాగి 2017 డిసెంబరులో ఫైబర్‌నెట్ ప్రారంభించారు. మంచి పనులే, కాదనను. కానీ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన తీగ అక్కడి నుంచి మూడు కిలోమీటర్ల అవతలి హాబిటేషన్‌కు వెళ్లకపోతే, మెయిన్ కాలువ తవ్వి పంట బోదె మరిచినట్టే.

"పల్లెలకు వేస్తే మాకు గిట్టదు" అనేవాళ్లకు ఇంకో నిజం గుర్తు చేయాలి. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం యూనివర్సల్ సర్వీస్ ఫండ్‌కు పోతుంది. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. అది గిట్టుబాటు కాని చోట్ల సేవ ఇవ్వడానికే పెట్టిన నిధి. కంపెనీలు ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తాయి? మన రీఛార్జిల నుంచి, మన బిల్లుల నుంచి. అంటే చివరి ఇంటికి తీగ లాగడానికి మనం ముందే చెల్లించాం. పల్లెకు ఇంటర్నెట్ దానం కాదు. ముందే డబ్బు కట్టిన సరుకు.

ఇక మనం ఏం చేయాలి? తిట్టుకుంటూ కూర్చుంటే లైన్ పొట్టిది కాదు. నాకు తోచినవి చెబుతా.

1. కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు ఒకటే అడగండి. "మా ఇంటికి తక్కువలో తక్కువ ఎంత వస్తుంది? రాసివ్వండి." నోటి మాట వద్దు. రాసివ్వనంటే వాడికి సమాధానం తెలుసన్నమాట. ఏడాది డబ్బు ముందే కట్టకండి. ఒక నెల చూసి కట్టండి.

2. ఉన్న కనెక్షన్ వేగం కొలవండి. వైఫై మీద కాదు, వీలైతే తీగతో పెట్టె పక్కనే కంప్యూటర్ పెట్టి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి 8 తర్వాత. వారం రోజులు. తేదీ, సమయం, కిందికి ఎంత, పైకి ఎంత, ఒక పుస్తకంలో రాయండి. పాలకేంద్రంలో వెన్న శాతం రాసుకున్నట్టు రాయండి. ఒక్క రోజు ఒక్క కొలతకు విలువ లేదు, వారం లెక్కకు ఉంది.

3. ఒక్కరు అడిగితే "మీ ఇంటి వైరింగ్ సమస్య" అంటారు. వీధి మొత్తం లెక్క ఒకే కాగితం మీద పెట్టండి. పెట్టె నుంచి ఎంత దూరంలో ఏ ఇల్లు, ఏ ఇంటికి ఎంత వేగం. దూరం పెరిగే కొద్దీ వేగం పడిపోవడం ఆ కాగితం మీద చదువు రానివాడికి కూడా కనబడుతుంది. అప్పుడు వైరింగ్ మాట నోటికి రాదు.

4. ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రంలో నమోదు చేసి నంబరు తీసుకోండి. తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం కేసులు అక్కడ చెల్లవని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది, వినియోగదారుడు అక్కడికి వెళ్లొచ్చని తేల్చింది. 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు.

5. గ్రామసభలో తీర్మానం పెట్టండి. పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన ఫైబర్ ఏ ఏ హాబిటేషన్‌కు ఎప్పటిలోగా వెళ్తుందో రాతపూర్వకంగా అడగండి.

ఇక అన్నిటికంటే పెద్ద మాట. ఇంగ్లండ్‌లో లాంకషైర్ అనే చోట గొర్రెలు, పశువులు పెంచుకునే పల్లెలున్నాయి. కంపెనీలు అక్కడికి మంచి లైన్ వేయలేదు. కారణం అదే, దూరం, ఇళ్లు తక్కువ, గిట్టదు. ఊరివాళ్లు 2011లో ఒక సంఘం పెట్టుకున్నారు. బీఫోర్ఎన్ అని పిలుస్తారు. రైతులు తమ పొలాల్లోంచి పైపు పోవడానికి ఊరికే దారి ఇచ్చారు, తామే గాడి తవ్వారు. ఊరివాళ్లే వాటాలు కొన్నారు. ఈ రోజు ఆ పల్లెల్లో ఇంటిదాకా ఫైబర్ ఉంది, 1000 ఎంబీపీఎస్, కిందికీ పైకీ సమానంగా. వాళ్లు దేవుళ్లేం కాదు, మనలాంటి రైతులే. వాళ్లకు మట్టి తవ్వడం వచ్చు, మనకు రాదా?

మనకు కాలువ మీద మాట్లాడడానికి 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలున్నాయి. పాల సంఘాలున్నాయి, పొదుపు సంఘాలున్నాయి. తీగ మీద మాట్లాడడానికి మాత్రం ఎవరి ఇంట్లో వాళ్లు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసుకుని, పాట విని, పెట్టేస్తున్నాం. ఒంటరిగా అడిగినన్నాళ్లూ ఆ పాటే వినిపిస్తుంది.

మనం ఉచితం అడగడం లేదు. పట్నంతో సమానమైన వేగం రేపే కావాలని కూడా అనడం లేదు. మూడే మూడు. మా తీగకు ఎంత వస్తుందో ముందే చెప్పండి. అంత రాకపోతే బిల్లు తగ్గించండి, లేదా మమ్మల్ని ఊరికే వదిలేయండి. దూరాన్ని తగ్గించడానికి తీసుకున్న డబ్బును దూరం తగ్గించడానికే ఖర్చు పెట్టండి.

ఇందులో తప్పేముందో ఎవరైనా చెప్పండి, వింటాను.

మీ ఊరు పేరు, పెట్టె నుంచి మీ ఇల్లు ఎంత దూరం, కొన్న వేగం ఎంత, వచ్చే వేగం ఎంత. ఈ నాలుగూ కింద రాయండి. కంపెనీ పేరు అక్కర్లేదు, తిట్లు అక్కర్లేదు, అంకెలు చాలు. వంద ఊళ్ల లెక్క ఒక్కచోట చేరితే, దాన్ని "మీ వైరింగ్ సమస్య" అని ఎవరూ అనలేరు.

జై కిసాన్.